రంపం తగలని ముద్ద

"ఆ బూట్లు గుమ్మం బయటే వదిలి రా. నీ ఏటి బురద కడగడానికి ఇక్కడెవరూ జీతానికి లేరు."

బంగారం కొనే షావుకారు త్రాసు మీది నుంచి తలెత్తకుండానే ఆ మాట అన్నాడు.

వచ్చినవాడు ముసలివాడు. రబ్బరు బూట్లు విప్పేసరికి చిరిగిన మేజోళ్లలోంచి బొటనవేళ్లు రెండూ బయటికి తొంగిచూశాయి. నీళ్లలో నానీ నానీ చేతులు బెండులా పాలిపోయి ఉన్నాయి. ఏటి ఇసుక కడిగి బంగారు రజను ఏరుకునే బాపతు అని షావుకారు ఇట్టే పోల్చుకున్నాడు. ఇరవై ఏళ్లుగా అతడు కొనేది వాళ్ల దగ్గరే, ఈసడించుకునేదీ వాళ్లనే.

"బంగారంతో గడప దాటినవాడు ముందు పుస్తకంలో పేరు రాయాలి. సంతకం వచ్చా, వేలిముద్రేనా?"

బల్ల చివర కూర్చున్న బావమరిది కిసుక్కున నవ్వి, సిరాబిళ్ల ముందుకు జరిపాడు.

ముసలాయన సిరాబిళ్లను పక్కకు నెట్టి, కలం అందుకుని, నింపాదిగా పేరు రాశాడు. ఆ ఇద్దరిలో ఒక్కడూ అటు చూడలేదు.

"ఏం తెచ్చావు తాతా? కాకిబంగారమేనా?"

"అమ్మడానికి రాలేదయ్యా. కొనడానికొచ్చాను." ముసలాయన అద్దాల పెట్టె వైపు చూపించాడు. "అది."

పెట్టెలో, నల్ల మఖమలు గుడ్డ మీద, పెద్ద ఉసిరికాయంత బంగారు ముద్ద ఉంది.

పోయిన నెలలో సూటు తొడుక్కున్న యువకుడొకడు దాన్ని తెచ్చి, తూకం ధరకే ఇచ్చి వెళ్లాడు. భూమిలో దొరికింది దొరికినట్టుగా ఉన్న ముద్దకు ప్రదర్శనశాలలు మూడింతలు ఇస్తాయని ఆ వెర్రివాడికి తెలియదు. షావుకారుకు తెలుసు. అందుకే దుకాణం తాకట్టు పెట్టి మరీ కొన్నాడు. గీటురాయి మీద గీశాడు, నీళ్లలో తూచాడు, అంతే. రంపం మాత్రం తగలనివ్వలేదు. రంపం తగిలిన ముద్ద విలువ కరిగించే ధరకు పడిపోతుంది.

"బావా, కొనేవారికి కుర్చీ వెయ్యమంటావా?" అన్నాడు బావమరిది.

"వద్దులే. కుర్చీకి మట్టంటుకుంటుంది."

ముసలాయన చొక్కా లోపలి నుంచి దగ్గుమందు సీసా తీసి, మూత విప్పి, త్రాసు పళ్లెంలోకి వంచాడు. నీరెండ రంగులో రజను జారింది.

బావమరిది నవ్వు ఆగిపోయింది. తూకం చూశాడు. మరోసారి చూశాడు.

"బావా... సరిగ్గా ఆ ముద్దంత ఉంది."

"ముప్ఫై రెండేళ్ల కష్టమయ్యా," అన్నాడు ముసలాయన.

"ముప్ఫై రెండేళ్లు బురదలో పొర్లి, ఒక్క సీసానా!" షావుకారు పెదవి విరిచాడు. "సరే, దాని తూకం నీకెవడు చెప్పాడు?"

ముసలాయన త్రాసు పళ్లెం ముందుకు జరిపాడు. "ఇది ఉంచుకుని, దాన్ని నాకివ్వండి. మీకు రవ్వంత నష్టం రాదు."

"నష్టం రాదు సరే, లాభం మాటేమిటి? రేపు ప్రదర్శనశాల నుంచి నిపుణురాలు వస్తోంది. రేపీపాటికి అది మూడు సీసాల పెట్టు. ఎవరి చెవిలో పువ్వు పెడదామని వచ్చావు?"

"పోనీ... అమ్మేముందు ఒక్కసారి రంపం పెట్టి చూడండయ్యా. మీ మంచికే చెబుతున్నాను."

షావుకారు ముఖం జేవురించింది.

"రంపమా! రంపం పెడితే ధర పడిపోతుంది, అప్పుడు నీ సీసాకు సరిపోతుంది. అదేగా నీ ఎత్తు? నేను తూకాలు నేర్చింది నీలాంటి వాళ్ల దగ్గర మోసపోవడానికి కాదు."

ముసలాయన ఏదో చెప్పబోయి, అద్దాల పెట్టె వైపు చూశాడు.

"ఇంకా ఏమైనా చెప్పాలా?"

"చెప్పలేనయ్యా."

పళ్లెంలోని రజనును మళ్లీ సీసాలోకి ఒంపుకున్నాడు. అంటుకున్న నలుసులను తడి వేలితో అద్ది తీస్తున్నాడు.

"పళ్లెం నాకిపో, ఒక పూట గడుస్తుంది!" అన్నాడు షావుకారు.

ముసలాయన బూట్లు తొడుక్కుని, గుమ్మంలో నిలబడి అద్దాల పెట్టె వైపు ఇంకోసారి చూసి, తల దించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు నిపుణురాలు వచ్చింది. ముద్ద మీద చిన్న యంత్రం ఆనించి, అంకెలు చూసి, కళ్లజోడు తీసేసింది.

"ఇది భూమిలో దొరికింది కాదండీ. పైన బంగారం గోరుమందమే. లోపల వేరే లోహం."

"నీళ్లలో తూచానమ్మా! తేడా వస్తే నాకు తెలియదా?"

"తేడా రాదు. లోపలున్నది టంగ్‌స్టన్. బంగారానికి సమానమైన బరువు. కోసి చూస్తే తప్ప మీ పరీక్షలకు దొరకదు. మీరు కొయ్యరని తెలిసినవాడే దీన్ని చేశాడు."

షావుకారు తానే రంపం అందుకున్నాడు. నాలుగు లాగులకే పసుపు పొడి రాలడం ఆగి, రంపం పళ్లు కీచుమన్నాయి. కోతలోంచి బూడిదరంగు కనిపించింది.

నిపుణురాలు సంచి సర్దుకుని లేచింది. షావుకారు కుర్చీలో కూలబడ్డాడు. తాకట్టు గడువు ఇక వారమే ఉంది.

"పుస్తకం తియ్యరా! ఆ సూటువాడి పేరు, ఊరు, తండ్రి పేరు, అన్నీ పోలీసులకిద్దాం!"

బావమరిది గబగబా పోయిన నెల పేజీ తీశాడు. వరస మీద వేలు పెట్టాడు. ఆ వేలు అక్కడే ఆగింది. ఏదో తోచినవాడిలా నిన్నటి పేజీ తిప్పాడు. మళ్లీ వెనక్కి వెళ్లాడు.

"నోట్లో ఏముందిరా? చదువు!"

బావమరిది పుస్తకాన్ని బావ వైపు తిప్పాడు.

సూటువాడి వరసలో తండ్రి పేరు గడిలో ఉన్న పేరే, నిన్నటి పేజీలో, ముసలాయన కుదురైన చేతిరాతలో ఉంది.