ఆర్పిన కర్పూరం

"వాల్వు మూడుసార్లు కడిగినాము చెల్లయ్యా. నాలుగోరోజు మళ్లీ నల్లపొగ."

విరుదునగర్‌లో పెద్ద వర్క్‌షాప్ నడిపే దామోదరసామి, కోవిల్‌పట్టిలోని ఈ రేకుల షెడ్డుకు తానే వచ్చి చెప్పిన మాట ఇది. వెంట తెచ్చింది శివకాశి బాణసంచా ఫ్యాక్టరీ యజమాని డీజిల్ కారు. సాయంత్రానికి అది పొగ మానకపోతే ఆ ఫ్యాక్టరీ బండ్లు పన్నెండూ వేరే వర్క్‌షాప్‌కి పోతాయి.

చెల్లయ్య బానెట్ ఎత్తి ఇంజన్ స్టార్ట్ చేయించాడు. కుంటుతోంది. పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే వాల్వు ఒకటుంటుంది. దాని మీది సన్న గొట్టం పీకాడు. గొట్టం పీకితే వాల్వు మూసుకోవాలి, పొగ తగ్గాలి. తగ్గలేదు.

"వాల్వు మూసుకోలేదు. ఇంజన్ తన పొగ తానే మింగతా ఉంది. లోపల అది కూర్చునే సీటు అరిగిపోయినాక ఎన్ని తూర్లు కడిగితే ఏం? మార్చల్ల."

"కొత్తది చెన్నైలోనే లేదే. ఆ మాడలే నిలిచిపోయె. రేకు కోసి అడ్డం పెడదామంటే ఓనర్ ఒప్పుకోడు."

"నాకాడ ఒకటి ఉండాది."

దామోదరసామికి ప్రాణం లేచొచ్చింది. "ఏం కావల్నో అడుగు."

"సత్తెం కావల్ల."

ఏడేళ్ల కిందట చెల్లయ్య ఆయన దగ్గరే మెకానిక్; యజమానిని మొదలాళీ అని పిలిచేవాడు. స్టోర్‌లో సామాను పోయిందని ఈ పెద్దమనిషే గేటు దగ్గర, ఇరవైమంది చూస్తుండగా, అతని చొక్కా విప్పించాడు. టిఫిన్ క్యారియర్ గిన్నె గిన్నె తీయించాడు. దొరికిందేమిటి? సాంబారు. అయినా వదిలాడా? ఊరి దేవుడు మాడసామి ముందు కర్పూరం ఆర్పి, దొంగ కాదని సత్యం చేయమన్నాడు.

"నేనెందుకు చేయల్ల?" అని చెల్లయ్య చొక్కా భుజాన వేసుకుని ఊరు వదిలాడు. దొంగ అన్న పేరు అతనికంటే ముందే కోవిల్‌పట్టి చేరింది. తల్లి సీనియమ్మాళ్ దొంగోడి తల్లి అనిపించుకుంటూనే పోయింది. ఆ కడుపుమంట చల్లారేదేనా?

"నేను దొంగ కాదని ఇప్పుడు మీరు సత్తెం చేయల్ల మొదలాళీ. ఈ వీధి చూస్తా ఉండగా."

వీధి చివరే మాడసామి పీఠం. అబద్ధానికి కర్పూరం ఆర్పినవాడి ఇంట్లో దీపం ఉండనివ్వడు మాడసామి అని ఆ చుట్టుపక్కల అందరికీ భయమే.

దామోదరసామి ఆ రోజు ఏమీ దొరకలేదు కదా అని తనకు తానే చెప్పుకున్నాడు. వాచీ చూసుకున్నాడు. చెప్పులు విడిచాడు.

"చెల్లయ్య నా స్టోర్‌లో ఏమీ ఎత్తలేదు. ఇది సత్తెం."

పీఠం మీద వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో అద్ది ఆర్పాడు. టీ అంగడి దగ్గర జనం గ్లాసులు పట్టుకుని చూశారు.

చెల్లయ్య షెడ్డులోకి వెళ్లి, గుడ్డలో చుట్టిన వాల్వు తెచ్చి బిగించాడు. గంటలో పొగ ఆగింది. ఇంజన్ కుంటడం మానింది. దామోదరసామి చేతులెత్తి దండం పెట్టి కారెక్కాడు.

కారు మలుపు తిరిగేదాకా చెల్లయ్య కళ్లారా చూశాడు. ఏడేళ్ల తర్వాత కడుపు చల్లబడింది. చేతులు కడుక్కున్నాడు.

ఆ రోజు గేటు దగ్గర చొక్కా విప్పించేలోపే, దామోదరసామి స్టోర్ గోడ మీంచి అవతలి ముళ్లకంపలోకి చెల్లయ్య విసిరి, తర్వాత ఏరి తెచ్చుకున్న వాల్వే ఇప్పుడు ఆ కారులో పొగ ఆపింది.