చిక్కపేట గదిలో హరీశ్

"పో, ఈ పిల్లని ఇడిసి పో," అంటూ సొన్నమ్మ మూడోసారి విభూతి చల్లింది.

చీరల గోదాము పైన ఉన్న ఆ చిక్కపేట గదిలో పట్టపగలే కిటికీ తలుపులు దడదడ కొట్టుకున్నాయి. అటక మీది గిన్నెలు వాటంతటవే ఎగిరిపడ్డాయి. గోడకానుకుని కూర్చున్న చైత్ర మగగొంతుతో మూలిగింది. నెల కిందట లారీ గుద్ది చనిపోయిన ఆమె భర్త హరీశ్ గొంతది.

"పిల్ల కూడు ముట్టి పది దినాలాయె," అంది హరీశ్ తల్లి ముద్దమ్మ. సొన్నమ్మను దేవనహళ్ళి నుంచి పిలిపించింది ఆమే. "కొడుకు ఎట్లాగూ పాయె. కోడలన్నా దక్కేట్టు చెయ్యక్కా."

నలభై ఏళ్ళుగా దయ్యాలను తరిమిన సొన్నమ్మ వేపమండ ఎత్తింది. "పెండ్లాం పానం తీస్తావేమప్పా? పోతావా లేదా?"

"పోతానవ్వా," అని ఆ గొంతు ఏడ్చింది. "పొయ్యేకే చూస్తా ఉండాను. ఇదే నన్ను ఇడసడంలా. దానికి చెప్పవ్వా."

సొన్నమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. చచ్చినవాళ్ళను తరిమే మంత్రాలు ఆమెకు చాలా వచ్చు. బతికున్న మనిషి చేత వదిలించే మంత్రం ఒక్కటీ రాదు. మండ కింద పెట్టి చైత్ర ముందు కూర్చుంది.

"ఇడిసిపెట్టమ్మా. వాడు అలిసిపొయ్యినాడు."

"ఇడిస్తే మళ్ళా మాట్లాడడు," అంది చైత్ర, ఈసారి తన గొంతుతోనే.

సొన్నమ్మ సాయం కోసం ముద్దమ్మ వైపు చూసింది. ముద్దమ్మ దగ్గరికొచ్చి కోడలి చేతిని రెండు చేతులా పట్టుకుంది.

"మా, నువ్వన్నా చెప్పుమా," అంది హరీశ్ గొంతు.

"ఇంకొంచేపు ఉండప్పా," అంది ముద్దమ్మ.