నలభై రోజుల పందెం

“లెయ్యి. ఐదైంది.”

మద్దిలేటి దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. బయట తుంపర పడుతోంది.

“ఇయ్యాల నా వశం కాదు. పోయి పండుకో.”

“పందొమ్మిదో రోజు. ఒక్క రోజు తప్పితే సారు పేరు తుడిపేస్తడు.”

“తుడిపెయ్యనీ. మైదానంల ఎగరనీకె నేనేమన్న పిలగాన్నా?”

జోగులమ్మ గడప దగ్గరే నిలబడింది.

“నీ కోసం లెవ్వకు. నా కోసం లెయ్యి.”

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆమె తన కోసం అంటూ ఏదీ అడగలేదు. మద్దిలేటి దుప్పటి తీశాడు. తర్వాత గోడ పట్టుకుని లేచాడు.

ఎండాకాలంలో మిద్దె మెట్ల మీద నుంచి పడ్డప్పటి నుంచి అతను గుంత మగ్గంలోకి దిగలేదు. నడుము అరగంట కూడా ఆగదు. గద్వాల చీరకు ఇద్దరు కావాలి. నేసేవాడొకడు, పక్కన కూర్చుని అంచు దారం తీసుకెళ్లే నాడె అందించే మనిషొకరు. ఆ రెండో చోట పెళ్లయిన నెల నుంచీ జోగులమ్మే కూర్చుంది. దసరాలోపు మద్దిలేటి మగ్గమెక్కకపోతే దాన్ని వేరే ఇంటికి మారుస్తానని మగ్గం ఇచ్చిన సేటు కబురు పంపాడు. మగ్గం పోతే మద్దిలేటికి వేరే పని రాదు.

దవాఖానలో మాత్రలు రాసిచ్చి, యోగా చెయ్యమన్నారు. సరిగ్గా అప్పుడే బడి మైదానంలో ప్రేమ్ కుమార్ అనే సారు నలభై రోజుల పందెం పెట్టాడు. అరగంట యోగా, ఇరవై నిమిషాలు టేప్ రికార్డర్ పాటలకు డాన్సు. పేర్లన్నీ నల్లబల్ల మీద. అరవై మందితో మొదలైన పందెంలో ఆ తుంపర రోజుకు పదిహేడు పేర్లు మిగిలాయి.

“అరచేతులు నేలకు ఆనించండి,” అంటూ సారు వరుస వెంట వచ్చాడు. “అమ్మా, నీ ఎడమ చెయ్యి ఆనలేదు.”

“ఆనదు సార్. ఇరిగి వంకరగ అతికింది.”

“ఎట్ల ఇరిగింది?”

జవాబు మద్దిలేటి ఇచ్చాడు. “జారి పడ్డది సార్.”

జోగులమ్మ అతని వైపు చూడలేదు. “నన్ను ఇడిసిపెట్టి ఆయన్ని చూడు సార్. నడుము సరిగ వంగుతలేదు.”

పాట మొదలైంది. నడి వయసు మగవాళ్లు సిగ్గుపడుతూ చేతులు ఊపారు. ప్రహరీగోడ మీద కుల పెద్ద భీమన్న కూర్చుని చూస్తున్నాడు.

“ఏం మద్దిలేటి, ఆడుతున్నవా, చీమలు కుట్టినయా?”

నలుగురూ నవ్వారు. మద్దిలేటి ఆగిపోయాడు.

“ఆడు,” అంది జోగులమ్మ. “నవ్వెటోళ్లు వచ్చి నీ మగ్గం నెయ్యరు.”

మద్దిలేటి ఆడాడు. భీమన్న గోడ దిగి ఆమె దగ్గరికి వచ్చాడు.

“ఎందాక వచ్చింది బిడ్డా?”

“గంట సేపు కూసుంటుండు మామా.”

“గంటతోని అయ్యేది కాదు. పొద్దంత కూసోవాలె.”

“కూసోబెడత.”

పొద్దున మైదానం, పగలు వేడినీళ్ల కాపడం. మిగిలిన సమయంలో ఖాళీగా ఉన్న మగ్గం మీద పాత నూలు కట్టి, పక్కింటి మల్లమ్మకు అంచు నాడె అందించడం నేర్పింది.

“నువ్వుండంగ ఆమెకెందుకు?” అన్నాడు మద్దిలేటి.

“నేర్చుకుంటే నష్టమేంది?”

ముప్పయ్యో రోజుకు మద్దిలేటి వంగి పాదాలు ముట్టుకున్నాడు. ముప్పై అయిదో రోజు మూడు గంటలు కదలకుండా కూర్చున్నాడు. ఆమె గడియారం చూసి లెక్క చెప్పింది తప్ప మెచ్చుకోలేదు. మైదానంలో మాత్రం అతను సారు పక్కకు చేరి గొప్పగా చెప్పుకున్నాడు.

“దానికి నేనంటే పాణం సార్. ఎన్నన్నా పడి ఉన్నది.”

నలభయ్యో రోజు బల్ల మీద తొమ్మిది పేర్లు ఉన్నాయి. సారు అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చాడు. జోగులమ్మను ముందుకు పిలిచాడు.

“పట్టుదల అంటే ఏందో ఈ అమ్మను చూసి నేర్చుకోండి. భర్తను నిలబెట్టనీకె నలభై రోజులు ఒక్క పూట కూడ తప్పలేదు.”

అందరూ చప్పట్లు కొట్టారు. మద్దిలేటి తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. జోగులమ్మ తల వంచుకుని నిలబడింది.

“అమ్మా, నీ సర్టిఫికెట్?”

“నాకెందుకు సార్. ఆయనది సాలు.”

మర్నాడు పొద్దున ఏడింటికి మద్దిలేటి మగ్గం గుంతలోకి కాళ్లు దించాడు. పక్కన మల్లమ్మ కూర్చుంది. వాకిట్లో భీమన్న మంచం వాల్చుకుని కూర్చున్నాడు. మద్దిలేటి అన్నానికి తప్ప లేవలేదు. సాయంత్రానికి ఎర్ర అంచు జానెడు దిగింది. ఒళ్లు విరుచుకుని, లేచి నిలబడి, నవ్వాడు.

“చూసినవా పెద్దమనిషీ? సేటుకు చెప్పు.”

“చూసిన,” అన్నాడు భీమన్న. జోగులమ్మ వైపు తిరిగాడు. “పొద్దంత కూసున్నడు బిడ్డా. ఇగ నీ ఇష్టం.”

జోగులమ్మ లోపలికి వెళ్లి తన చీరల సంచితో బయటికి వచ్చింది.

“అమరచింతకా?” అన్నాడు మద్దిలేటి. “పోయిరా. మీ అమ్మను చూడక శాన రోజులాయె. ఎన్నడొస్తవు?”

ఆమె చెప్పులు తొడుక్కుంది.

“పెద్దల ముందర ఇద్దరం ఏలుముద్రలేసి మనకు ఇడుపు కాయితం ఉగాదికే అయ్యింది, నువ్వు పడ్డంక మళ్ల మగ్గం మీద కూసునేదాక ఆగుమన్నరు, ఆగిన.”