నవ్వితే వచ్చే అమ్మ

నవ్వొస్తే చాలు, హైమవతికి మోకాళ్లు పట్టుతప్పి నిద్ర ముంచుకొచ్చేది. అదే ఆమె జబ్బు. అలాంటి వాళ్లందరికీ మెడపట్టీలు వచ్చాక పడిపోవడాలు లేవు. మనిషి నిద్రలో ఉన్నా పట్టీయే ఒంటిని నిలబెట్టి, పనీ మాటా సాగిస్తుంది. హైమవతికి మెలకువ వచ్చేసరికి పెసరట్లు కాలి ఉంటాయి, కూతురు లాస్యకు జడ వేసి ఉంటుంది.

ఆ రోజు గోంగూర ఒలుస్తుంటే లాస్య ఎదురుగా కూర్చుని, బుగ్గలు పూరించి, లెక్కల మాస్టారిలా గొంతు మార్చింది.

"పొద్దున్నించీ ఏంటే ఈ కోతివేషాలు?"

"నువ్వు నవ్వితే ఆ అమ్మొస్తుందిగా. తనకొకటి చెప్పాలి."

"నాకు చెప్పవే."

"నీకొద్దులే. నువ్వు మధ్యలో నిద్రపోతావు."

హైమవతి చేతిలోని కాడ పక్కన పెట్టింది. లేచి, పట్టీ విప్పి బిస్కెట్ల డబ్బాలో పడేసి మూత బిగించింది. నేలమీద బొంత పరుచుకుని కూర్చుంది.

"పడితే దీనిమీదే పడతా. లేచాక మిగతాది వింటా. ఇప్పుడు నవ్వించు, తల్లీ."

లాస్య నవ్వించలేదు. డబ్బా వైపే చూస్తూ మెల్లగా అడిగింది.

"అందులో అమ్మకి ఊపిరాడుతుందా?"