ఆరు వోల్టుల కాయిల్

మీ బతుకు కాల్చినవాడే తన కారు తెచ్చి మీ చేతిలో పెడితే ఏం చేస్తారు?

రైల్వే షెడ్‌లో ఇంజన్ తగలబడిననాడు, తప్పు వైరింగ్ చేశాడని ఫోర్‌మన్ కామేశ్వరరావు శివాజీ మీద నేరం మోపాడు. శివాజీ ఉద్యోగం ఊడింది. ఇరవై ఏళ్లకు అదే కామేశ్వరరావు తన తండ్రి నాటి కారును బిలాస్‌పూర్‌లో శివాజీ నడిపే బండ్ల వైరింగ్ దుకాణానికి తెచ్చాడు. ఆరు వోల్టుల బండిని పన్నెండుకు మార్చాలట.

శివాజీ బ్యాటరీ మార్చాడు, బల్బులు మార్చాడు. ఇంజన్‌కు నిప్పురవ్వనిచ్చే పాత ఆరు వోల్టుల కాయిల్‌ను మాత్రం, అది పన్నెండు తట్టుకోలేదని తెలిసే ఉంచేసి, ఫ్యూజు లేకుండా కలిపాడు. దారిలో బిల్హా ఊరు చేరేలోపు బండి మండాలి! పగ తీర్చడం దేవుడి పని అంటుంది బైబిల్ గ్రంథం. దేవుడు ఇరవై ఏళ్లు ఆలస్యం చేస్తే?

తాళం అందుకోబోయి కామేశ్వరరావు ఆగాడు.

"ఏటిరా, షెడ్ ఆచారం మర్చిపోనావా? వైరింగ్ చేసినోడు బానెట్ మీద చెయ్యేసి 'నా పని సరే' అనాల."

"నా మాట మీద నమ్మకం ఎప్పట్నుంచి సార్?"

"అచ్ఛా, దెప్పుతున్నావా? ఆ దినం నీ పని సరేనని నాకు తెలుసురా. నా కుర్చీ పోద్దని అబద్ధమాడినాను. అందుకే ఇంకే మిస్త్రీ దగ్గరికీ ఎల్లనేదు. నీ మాట చాలు."

శివాజీ బానెట్ మీద చెయ్యి వేశాడు. 'నా పని సరే' అని ఇరవై ఏళ్లు ఊరంతా తిరిగి చెప్పుకున్న మాట ఇప్పుడు నోట రాలేదు. ఆనాటి అబద్ధాన్ని ఈరోజు తన చేతులే నిజం చేశాయి.

అతను క్షమించలేదు. బ్యాటరీ తీగ పీకేసి, "పని కాలేదు, రేపు రండి" అన్నాడు.

పగతో బిగించింది మీ దగ్గరా ఒకటుంది. లేవండి, ఈ పూటే విప్పేయండి!