పొద్దున్నే మొండికేసే కారు

ఎనిమిదిన్నరకి సూపరింటెండెంటుగారు కార్లో కూర్చుని తాళం తిప్పారు. అది రెండుసార్లు మూలిగి ఊరుకుంది.

"చచ్చింది పీనుగ," అన్నారాయన.

ఆరు నెలలుగా ఇదే వరస. అంతకుముందు పద్నాలుగేళ్లు కుదురుగా నడిచిన కారే. ముసలితనం వచ్చేసరికి దానికి సిగ్గూ ఎగ్గూ రెండూ పోయాయి. ఎడమవైపు తలుపు నిండా గీతలు. ఎడమ అద్దం విరిగి టేపుకి వేలాడుతోంది. గేటు స్తంభాన్ని రెండుసార్లు రాసుకుంది. స్టీరింగు ఎడమకి లాగేస్తోందని ఆయన కనిపెట్టారు. లాగడం లేదని మెకానిక్కు అన్నాడు. వాడి మొహం, వాడికేం తెలుసు?

ఆయన ఫ్యాక్టరీలో స్టోర్సు చూస్తారు. వచ్చిన సరుకులో లోపం పట్టుకుని తిప్పి పంపడం ఆయన ఉద్యోగం. బోల్టు మీద వెంట్రుకంత గీత ఉన్నా పట్టేస్తారు. అలాంటి మనిషి చుట్టూ దేవుడు ఏరికోరి అన్నీ పనికిమాలినవే పెట్టాడు. పనికిమాలిన కారు, పనికిమాలిన మెకానిక్కు, పనికిమాలిన డాక్టర్లు, నడిచే దారిలో కుర్చీలు పెట్టే పనికిమాలిన సంసారం.

"ఏమే, ఆ మహానుభావుణ్ణి పిలు," అని కేకేశారు.

భార్య అప్పటికే ఫోన్ చేసేసింది. వరండాలో కూర్చుని ఆయన చొక్కాకి గుండీ కుడుతోంది. ఒళ్లో పాత బిస్కెట్ల డబ్బా. సూదులు, దారాలు, ఊడిన గుండీలు అన్నీ అందులోనే. కొంపలంటుకున్నా ఆవిడ చేతిలో సూది ఆగదు.

ఆయన వచ్చి పక్క కుర్చీలో కూలబడ్డారు. "టీ అయినా ఇస్తావా లేదా?"

టీ ఆయన ఎడమ మోచేతి పక్కనే ఉంది. ఆవిడ కప్పు జరిపి ఎదురుగా పెట్టింది.

"అడిగితే గానీ తేవు," అన్నారాయన.

వీధి చివర షెడ్డులోంచి మెకానిక్కు కుంటుకుంటూ వచ్చాడు. ఆరు నెలల కిందట సైకిలు మీద వెళ్తూ వీడు ఇదే కారు కింద పడబోయాడు. ఎక్కణ్ణుంచి ఊడిపడ్డావని ఆయనే ఎదురు చీవాట్లు పెట్టారు. తప్పు బ్రేకులదని తేల్చారు. బ్రేకులు బాగానే ఉన్నాయని వీడు తేల్చాడు. అప్పట్నుంచీ జలగలా పట్టుకున్నాడు.

బానెట్ ఎత్తాడు. లోపల వేలు పెట్టాడు. మూశాడు. కారు బుర్రుమంది.

"దారిలో ఆగితే ఇబ్బంది సార్. నేను తోలతాను, మీరు కూర్చోండి."

రోజూ ఇదే మాట. పొద్దున దింపుతాడు, సాయంత్రం వచ్చి తీసుకొస్తాడు. సొంత కార్లో పక్క సీట్లో కూర్చుని ఫ్యాక్టరీ గేటు ముందు దిగుతుంటే ఆయనకి తల కొట్టేసినట్టుండేది. తన చేత్తో తాను నడుపుకుంటూ ఆ గేటు దాటాలి. అంతకుమించి ఆయన ఏమీ కోరలేదు.

"కొత్తది తీసుకుంటున్నా," అన్నారు ఆ సాయంత్రం.

ఆవిడ చేతిలో గుండీ జారి దొర్లిపోయింది. "ఇది బాగానే ఉంది కదండీ. ఇంకో ఏడాది చూద్దాం."

"ఏం చూడమంటావు? దీని ఏడుపా?"

"పోనీ బస్సుకి వెళ్లండి. మీ గేటు ముందే ఆగుతుంది."

"నేను బస్సెక్కాలి, నా కింద పనిచేసేవాళ్లు నవ్వాలి. ఈ తుక్కు మీద ఇంత మమకారమేంటే నీకు?"

ఆవిడ బతిమాలింది. రెండు రోజులు సరిగా తిండి తినలేదు. ఆఖరికి కళ్లనీళ్లు పెట్టుకుంది. కారు పోతోందని ఏడ్చే పెళ్లాన్ని కట్టుకున్నానని ఆయన స్టోర్సులో చెప్పి అందర్నీ నవ్వించారు.

ఆదివారం సాయంత్రం షోరూము మనిషి కొత్త కారు తెచ్చి వాకిట్లో పెట్టాడు. పాతదాంట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. దగ్గకుండా, మూలగకుండా గేటు దాటిపోయింది.

"చూశావా దాని పొగరు. ఎవడెక్కినా మోస్తుంది, నన్ను తప్ప," అన్నారాయన.

కొత్త కారు చూడ్డానికి మెకానిక్కు వచ్చాడు.

"బాగా చూసుకో. రేపట్నుంచి నీకు షికార్లు లేవు," అన్నారాయన చేటంత మొహంతో.

మెకానిక్కు బానెట్ ఎత్తాడు. ఆవిడ కూడా వచ్చి పక్కన వంగింది. "ఇందులో ఏది ఎక్కడుందో కాస్త చెప్పు నాయనా."

"దానికి చెప్పి ఏం లాభం? డబ్బా మూతకీ బానెట్టుకీ తేడా తెలీదు," అని ఆయన లోపలికి నడిచారు. నడుస్తూ తలుపుకి ఎడమ భుజం కొట్టుకుని, సగం మూసిందెవరని అరిచారు.

సోమవారం ఎనిమిదిన్నర. ఇస్త్రీ చొక్కా, గుండీలన్నీ ఉన్నాయి. సూపరింటెండెంటుగారు దర్జాగా కూర్చుని మీట నొక్కారు.

కొత్త కారు రెండుసార్లు మూలిగి ఊరుకుంది.

మళ్లీ నొక్కారు. ఉలకలేదు, పలకలేదు. "ఇదీ ఆ బాపతేనా," అంటూ ఆయన కారునీ, కంపెనీనీ, అమ్మినవాణ్ణీ కలిపి తిట్టడం మొదలుపెట్టారు. వీధి చివర్నుంచి మెకానిక్కు కుంటుకుంటూ బయల్దేరాడు.

వరండాలో ఆవిడ, కారులోంచి తీసిన గోరంత కొత్త ఫ్యూజుని బిస్కెట్ల డబ్బాలో ఇన్నాళ్లూ పాత ఫ్యూజు ఉన్న చోటే, "ఎడమ పక్క చూపు పూర్తిగా పోయింది, ఇక స్టీరింగు పట్టనివ్వకండి" అని కళ్ల డాక్టరు రాసిస్తే ఆరు నెలల కిందట ఆయన ఉండచుట్టి పారేసిన కాగితం కింద దాచి, మూత పెట్టి, మళ్లీ సూది అందుకుంది.