పన్నెండు మాటల కానుక

మొదటి గుద్దుకే బావమరిది పెదవి చిట్లింది. రెండో గుద్దుకి వెళ్లి బావ సెలూన్ గోడకి కొట్టుకున్నాడు.

“నా కూతురికి కానుకని ఇచ్చి, మళ్లీ నువ్వే నొక్కేస్తావురా దొంగవెధవా?” బావ చొక్కా పట్టుకుని ఊపేశాడు. “పొద్దున్న ఫోన్లో చూస్తే సున్నా! ఉన్న క్రిప్టో డబ్బంతా ఊడ్చేశావు.”

“నేను తియ్యలేదు బావా, అక్క మీద ఒట్టు!”

“దాన్ని మధ్యలోకి లాగకు!” బావ మోకాలు కడుపులో దిగింది.

“అన్నా, నాకు సగం గడ్డమే అయింది,” అన్నాడు కుర్చీలో నురగ మొహంతో కూర్చున్న లారీ డ్రైవరు. “ఇది గీసేసి తీరిగ్గా తన్నుకోండి.”

ఊపిరాడక వంగిపోయిన బావమరిది చేతికి బల్ల మీది కత్తెర తగిలింది. గట్టిగా బిగించాడు. ఇంకొక్క దెబ్బ పడితే పొడిచేసేలా ఉన్నాడు.

“నీకు కార్డు మీద పన్నెండు మాటలు రాసిచ్చాను. ఆ డబ్బుకి తాళం అవే. తెలిసినవాడెవడైనా తీసేసుకోగలడు. ఎవడికి చూపించావ్ బావా?”

“ఎవడికేంట్రా? ఫ్రేము కట్టించి అదిగో, అద్దం పక్కనే తగిలించాను. మా బావమరిది పెట్టిన కానుకని వచ్చినవాడికల్లా చదివి వినిపించాను. చాలా విలువైంది బావా అన్నావు. దాచమని అన్నావా?”

బావమరిది తల తిప్పి చూశాడు. రోజూ తుడుస్తున్నట్టు ఫ్రేము గాజు మెరిసిపోతోంది.

“అనలేదు బావా,” అని కత్తెర బల్ల మీద పెట్టేశాడు.

బావ మళ్లీ చెయ్యెత్తాడు. ఈసారి బావమరిది మొహం తిప్పుకోలేదు.